లైవ్ క్లాసా, రికార్డు వీడియోనా, రాసిన పాఠమా: ఆన్‌లైన్ డిగ్రీకి ఏది మేలు?

మా అమ్మకి నా ఉద్యోగం ఏటో ఇప్పటికీ అర్థం కాలేదు. పాఠం నువ్వు చెప్పవు, పేపర్లు నువ్వు దిద్దవు, మరి జీతం దేనికిస్తన్నారే అంటది. ఒడిశా బరంపురంలో మా మేడ మీద గదిలో కూచుని ఆంధ్రాలో ఒక యూనివర్సిటీ ఆన్‌లైన్ కోర్సులకి ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్‌గా, అంటే పాఠాన్ని ఆన్‌లైన్లో నేర్చుకునేట్టు తీర్చిదిద్దే మనిషిగా పనిచేస్తున్నా, నాలుగేళ్ళయింది. అటు సబ్జెక్టు బాగా తెలిసిన మేష్టారు, ఇటు ఎక్కడో ఫోన్లో ఆ పాఠం చూసే పిల్ల, మధ్యలో నేను, అదీ పని. చాలామంది మేష్టార్లకి మాత్రం నేను "జూమ్ అమ్మాయి"నే, లింకు పనిచెయ్యకపోతేనే గుర్తొస్తాను.

ప్రతి సెమిస్టర్ మొదట్లో ఒకటే గొడవ. మేష్టారు లైవే కావాలంటారు, డిపార్ట్‌మెంట్ పెద్దలు వీడియోలు తీసెయ్యండి ఒకసారి తీస్తే పదేళ్ళు పనికొస్తాయంటారు, నేనేమో ముందు పాఠం రాద్దాం సార్ అంటాను, అప్పుడు అందరూ నా వైపు జాలిగా చూస్తారు.

లైవ్ సంగతి ముందు చెప్తా. మేష్టార్లకి అది ఎందుకిష్టమో నాకు తెలుసు, కొత్తగా తయారు చెయ్యాల్సింది ఏమీ ఉండదు, క్లాసురూములో చెప్పిందే కెమెరా ముందు చెప్పేస్తే అయిపోద్ది. కానీ వినేవాళ్ళ వైపునుంచి చూడండి. మా కామర్స్ బ్యాచ్‌లో ఒకమ్మాయి పెద్దబజారు దగ్గర పట్టుచీరల షాపులో పనిచేస్తది, షాపు కట్టేసరికి రాత్రి తొమ్మిది, క్లాసేమో సాయంత్రం ఆరుకి. ఇంకో అబ్బాయిది గజపతి జిల్లాలో మోహన దాటి లోపలికి, మేడెక్కితేనే సిగ్నలు. నలభైమంది లిస్టులో పద్నాలుగుమంది వస్తారు, అందులో కెమెరా పెట్టేది ఒక్కరు, మొదటి పది నిమిషాలు "వినపడతందా, స్లైడు కనపడతందా"తోనే సరి. ఇక్కడ అక్టోబరొస్తే తుఫాను భయం వేరే. 2013లో ఫైలిన్ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ పలాస పక్కన దాటి గజపతి కొండల్ని కూడా ముంచేసింది, రెండూ అక్టోబర్లోనే. మా సెమిస్టర్ మధ్యలో సరిగ్గా పడేది ఆ నెలే. కరెంటు పోయిన రోజు లైవ్ క్లాసు ఇంక పోయినట్టే.

మరి రికార్డు చేసి పెట్టేస్తే సరిపోద్ది కదా అని నేను కూడా మొదటి రెండేళ్ళు గట్టిగా నమ్మాను. షాపు అమ్మాయి రాత్రి పదింటికి చూసుకుంటది, మోహన అబ్బాయి వైఫై దొరికిన చోట దించుకుంటాడు, మా కోర్సులు పెట్టే మూడుల్ యాప్‌లో ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తది కూడా. నిజమే, అంతవరకు లాభమే. ఇబ్బంది ఎక్కడంటే గంట క్లాసుని గంటలాగే తీసి పెట్టడంలో. 2014లో ఫిలిప్ గువో అనే పరిశోధకుడు వాళ్ళు ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల సైటులో 69 లక్షల సార్లు వీడియోలు చూసిన లెక్క తీస్తే, వీడియో ఎంత పొడుగుదైనా సగానికి సగం సార్లు జనం 6 నిమిషాల లోపే ఆపేసారు. స్టూడియోలో ఖర్చుపెట్టి తీసినవాటికన్నా మేష్టారు టేబుల్ దగ్గర కూచుని మామూలుగా మాట్లాడినవే కట్టిపడేసాయని, ఉత్త స్లైడ్లకన్నా చేత్తో రాస్తూ చెప్పినవి మేలని కూడా అందులోనే ఉంది. ఈ ముక్క చూపించాకే మా దగ్గర లక్షల స్టూడియో ప్లాన్ ఒకటి ఆగింది, దానికి నన్ను ఇప్పటికీ తిట్టుకునేవాళ్ళున్నారు.

సరే, ఆరేసి నిమిషాల ముక్కలు చేద్దాం అన్నాం. ఒక్క ముక్కకి మేష్టారితో కూచుని ఏది ఉంచాలో ఏది తియ్యాలో తేల్చి, స్క్రిప్టు రాసి, తీసి, కోసి, కింద అక్షరాలు సరిచేసేసరికి నాకు రోజు గడిచిపోద్ది. మన మేష్టార్లు ఒకే వాక్యంలో తెలుగూ ఇంగ్లీషూ కలిపి మాట్లాడతారు కదా, ఆటోమేటిక్‌గా వచ్చే క్యాప్షన్లు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు, అన్నీ నేనే మళ్ళీ టైప్ చెయ్యాలి. ఇంత కష్టపడి జీఎస్టీ మీద పదకొండు వీడియోలు తీసామా, 5, 12, 18, 28 శాతం అని నాలుగు పన్ను స్లాబులు బోర్డు మీద అందంగా రాసి మరీ, 2025 సెప్టెంబర్ 22 నుంచి ఎక్కువ సరుకులకి 5, 18 మాత్రమే మిగిలి, కొన్నిటికి 40 వచ్చిపడింది. వీడియోలన్నీ బుట్టలోకి! అదే యూనిట్ రాసిన పాఠంలో మార్చడానికి నాకు పట్టింది ఒక పూట, అది కూడా లెక్కల ఉదాహరణలు మార్చాల్సొచ్చింది కాబట్టి. పదేళ్ళు పనికొస్తాయన్న పెద్దాయన ఆ రోజు మీటింగులో మాట్లాడలేదు.

అందుకే రాసిన పాఠం. పుస్తకాన్ని పీడీఎఫ్ చేసి పడెయ్యడం కాదు నేననేది. దూరవిద్య వాళ్ళకి ఇది పాత విద్యే, 1982లో హైదరాబాదులో మన దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ పెట్టారు, ఇవాళ అంబేద్కర్ పేరుతో ఉంది, అప్పుడు జూమ్ ఎక్కడిది, పోస్టులో వచ్చిన పాఠమే మేష్టారు. పక్కన కూచుని చెప్తున్నట్టు రాయాలి, రెండు పేజీలకోసారి "ఇప్పుడు నువ్వు ఈ ఎంట్రీ వేసి చూడు" అని ఆపాలి, తప్పు వేస్తే ఎక్కడ పొరబడ్డాడో కిందే చెప్పాలి. కేంద్రప్రభుత్వం ఆన్‌లైన్లో పెట్టే స్వయం కోర్సుల్లో కూడా నాలుగు భాగాలు పెట్టారు చూడండి, వీడియో, చదివే మెటీరియల్, చర్చ, పరీక్ష, ఆ నాలుగింటిలో వీడియో ఒక భాగం మాత్రమే. మనవాళ్ళు మాత్రం ఆ ఒక్కదానికే డబ్బంతా పోస్తారు. బరువు చూసినా అంతే, 500 కేబీపీఎస్‌లో (సెకనుకి 500 కిలోబిట్లు) గంట వీడియో అంటే 225 ఎంబీ, యూనిట్ పాఠం బొమ్మలతో సహా రెండు మూడు ఎంబీలు.

ఇక్కడిదాకా వచ్చి రాసిన పాఠమే గెలిచిందని చెప్పేద్దును, కానీ మా ఊళ్ళో ఒక తిరకాసుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మా పిల్లలకి తెలుగు మాట నోట్లో ఉంటది కానీ అక్షరం రాదు, నా తమ్ముడే తెలుగు సినిమా పోస్టరు కూడబలుక్కుని చదువుతాడు. కోర్సు ఇంగ్లీషు మీడియం, అర్థం కానివాళ్ళకోసమని నేను ఎంతో ముచ్చటపడి తెలుగులో వివరణలు రాసి పెడితే శ్రీకాకుళం పిల్లలు చదివారు, బరంపురం పిల్లలు ఒక్కరూ తెరవలేదు. "అక్కా, బాగుందంట గానీ మాకు చదవడం రాదు కదా" అని ఒకమ్మాయి మెసేజ్ పెట్టేదాకా నాకు తట్టలేదు, సొంత ఊరి సంగతి. ఇక్కడికి దగ్గర్లోనే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు అక్కడి గిరిజనుల సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకోసం వాళ్ళ భాషలోనే పుస్తకాలు తయారుచేసారు, పిల్లాడి నోట్లో ఏ భాషుందో చూసి పాఠం కట్టాలని ఆయనకి అప్పుడే తెలుసు. నాకు మెసేజొస్తే గానీ తెలీలేదు.

ఆ తర్వాత పద్ధతి మార్చాం. పాఠం తేలిక ఇంగ్లీషులో, చిన్న చిన్న వాక్యాల్లో. దాని పక్కనే కష్టమైన చోటల్లా రెండు మూడు నిమిషాల ఆడియో, మేష్టారి గొంతులో, మామూలు తెలుగులో. 64 కేబీపీఎస్‌లో పెడితే గంట ఆడియో మొత్తం 29 ఎంబీకి మించదు. తరుగుదల రేటు మారినా, పన్ను స్లాబు మారినా ఒక్క ఆడియో తీసి కొత్తది పెడితే చాలు, మేష్టారు నడుచుకుంటూ ఫోన్లో చెప్పి పంపేస్తారు, వెనక ఆటో హారన్ వినపడినా ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. వీడియో మాత్రం చేత్తో చేసి చూపించాల్సినవాటికే, ఎక్సెల్లో ఎంట్రీలు, టాలీ అనే అకౌంట్ల సాఫ్ట్‌వేర్ అలాంటివి.

లైవ్‌ని కూడా పూర్తిగా తీసెయ్యలేదు. వారానికోసారి, ఆదివారం ఉదయం, నలభై నిమిషాలు, డౌట్లకే. అందులో కొత్త పాఠం చెప్పకూడదని మేష్టారితో ముందే ఒట్టు వేయించుకున్నా (రెండుసార్లు తప్పారనుకోండి). దానికి వచ్చేది పదిమందే, కానీ వాళ్ళు ముందే చదివొస్తారు కాబట్టి మాట్లాడతారు, షాపు అమ్మాయి కూడా వస్తంది. మొన్న బ్యాంకు రీకన్సిలియేషన్లో (మన లెక్కనీ బ్యాంకు లెక్కనీ సరిచూడటం) మేష్టారి లెక్కే తప్పని ఆ అమ్మాయే పట్టుకుంది.

ఏదో ఒక్కటే చెయ్యడానికి టైముందని ఏ మేష్టారైనా అడిగితే నేను ఇప్పటికీ పాఠం రాయండి, గొంతు కలపండి అనే చెప్తా. లా, కామర్స్, పాలిటిక్స్‌కి అయితే రెండో ఆలోచన అక్కర్లేదు. గణితం చెప్పేవాళ్ళకి చేత్తో రాసే వీడియో ముందు, ల్యాబ్ సబ్జెక్టులకి ఇవేవీ సరిపోవు, వాళ్ళు మనిషిని పిలిపించుకోవాల్సిందే. నిన్న ఒక కొత్త మేష్టారు ఫోన్ చేసారు, అమ్మా నువ్వు చెప్పినట్టే మొత్తం రికార్డు చేసేసాను, రెండు గంటల పది నిమిషాలొచ్చింది, ఒకే ఫైలు, ఎక్కడ పెట్టమంటావు అని. సోమవారం కూచుని ముక్కలు చెయ్యాలి.