కొట్టం ముందు, గది తర్వాత: టెక్సస్‌లో పాత హార్స్ ట్రైలర్ వేట

వెనక గుర్రాలకు గదులు, ముందు మనుషులకు మంచం, పొయ్యి, బాత్రూమ్. ఇలాంటి ట్రైలర్‌ని అమెరికాలో లివింగ్ క్వార్టర్స్ ట్రైలర్ అంటారు, నోటి మాటలో ఎల్‌క్యూ. డాలస్‌కి ఉత్తరాన ఆబ్రీ, పైలట్ పాయింట్, టియోగా ఊళ్ల మీదుగా 377 రోడ్డు పట్టుకుని వెళ్తే రెండు పక్కలా తెల్ల కంచెలు, గుర్రాల బార్న్‌లే. మా అమ్మాయి గుర్రం పేరు బెల్లం, అది ఆ పక్కనే ఒక బార్న్‌లో ఉంటుంది. సెలవులొస్తే మేము క్యాంపింగ్‌కి పోవాలి, తను గుర్రాన్ని వదిలి రానంటుంది. మామూలు ఆర్‌వీ (మనుషులు ఉండే ఇల్లులాంటి బండి) కొంటే గుర్రానికి వేరే ట్రైలర్, దాన్ని లాగడానికి వేరే పికప్ కావాలి. రెండూ ఒకే బండిలో కుదిరితే బాగుండునని పాత ఎల్‌క్యూల వేటలో పడ్డాం. కొత్తవాటి ధర చూస్తే ఇంకో ఇల్లు కొంటున్నామా అనిపించింది.

ముందే కొనకుండా, ఒక ఓనర్ దగ్గర చిన్న ఎల్‌క్యూ అద్దెకు తీసుకుని బయల్దేరాం. దారిలో అమ్మకానికి ఉన్నవి చూడాలి, రాత్రులు గుర్రాలను రానిచ్చే క్యాంపుల్లో ఉండాలి. అదీ ప్లాన్. అప్పటికి ఒంగోలు నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చి ఉన్నారు. ఐదుగురు మనుషులు, ఒక గుర్రం.

మొదటి రాత్రి రే రాబర్ట్స్ లేక్ స్టేట్ పార్కులో, ఐల్ డు బాయ్ వైపు. ఇంటికి దగ్గర, గుర్రాలకు వేరే క్యాంపు ఉంది, ఏదైనా చెడినా వెనక్కి పరిగెత్తొచ్చు. ట్రైలర్ బతుకు అలవాటు చేసుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు తెలీదు. టెక్సస్ స్టేట్ పార్కుల్లోకి గుర్రాన్ని తీసుకెళ్లాలంటే గత 12 నెలల్లో చేయించిన కాగిన్స్ పరీక్ష (గుర్రాల అంటురోగం ఒకదానికి చేసే రక్త పరీక్ష) నెగటివ్ కాగితం దగ్గర ఉండాలి. రాష్ట్రం దాటే పనుంటే వెట్ ఇచ్చే హెల్త్ సర్టిఫికెట్ కూడా. ఆ కాగితాల ఫోల్డరు మా పాస్‌పోర్టుల కంటే భద్రంగా ఉంటుంది.

ఆ రాత్రే తెలిసింది, అమ్మకం ప్రకటనల్లో "ఆరుగురు పడుకోవచ్చు" అని రాసేది ఎవరి కొలతలతోనో. పికప్ వెనక తొట్టి మీదికి వంగి తగిలించుకునే రకం ట్రైలర్‌ని గూస్‌నెక్ అంటారు, ఆ ముక్కు మీద క్వీన్ మంచం ఉంటుంది. అక్కడికి ఎక్కితే తల ఎత్తడానికి లేదు, మోకాళ్లు నొప్పులున్నవాళ్లు అర్ధరాత్రి దిగలేరు. అందుకని అది అమ్మాయికీ నాకూ వచ్చింది. డైనెట్ బల్ల దించితే అత్తయ్యగారికి సరిపోయింది, సోఫా మామయ్యగారికి. మా ఆయన వెనక గుర్రం గది కడిగి, ఆరబెట్టి, మడత మంచం వేసుకున్నారు. బెల్లం బయట పెన్‌లో, అంటే కంచె దొడ్డిలో ఉంది కాబట్టి గది ఖాళీయే. ఎంత కడిగినా ఆ ఉచ్చ వాసన పోలేదు గానీ, ఎక్కువ జాగా దొరికింది మాత్రం ఆయనకే.

ట్రైలర్లు చూడటం డికేటర్ చుట్టుపక్కల మొదలైంది. మొదట చూసినది మూడు గుర్రాల స్లాంట్ లోడ్ (గుర్రాలు ఏటవాలుగా నిలబడే రకం), 14 అడుగుల షార్ట్ వాల్ (మనుషుల గది పక్క గోడల్లో పొట్టిదాని పొడవు), పక్కకు జరిగే స్లైడ్ అవుట్. లోపల ఆల్డర్ చెక్క కబోర్డులు, తోలు సోఫా, పెద్ద ఫ్రిజ్. అత్తయ్యగారు పొయ్యి ముందు నిలబడి, "ఇక్కడ పోపు పెడితే వాసన అంతా పరుపులకు పడుతుంది కదే" అన్నారు. ఫ్యాన్ వేసి చూశాం, గాలి లాగుతోంది. అందరికీ నచ్చేసింది. మామయ్యగారు మాత్రం లోపలికి రాలేదు. వెనక ర్యాంపు దగ్గర నిలబడి, "అమ్మాయ్, ముందు పశువు నిలబడే చోటు చూడు. గది సంగతి తర్వాత" అన్నారు.

గుర్రం గదిలో నేల మీద దళసరి రబ్బరు మ్యాట్లు ఉంటాయి. నాలుగడుగులు బై ఆరడుగులు, ముప్పావు అంగుళం మందం మ్యాట్ ఒక్కొక్కటి వంద పౌండ్లకు దగ్గర్లో ఉంటుంది. అమ్మే ఆయన "అల్యూమినియం ఫ్లోర్ అండీ, దానికేం కాదు" అన్నట్టు భుజాలు ఎగరేశాడు. మా ఆయనా, మామయ్యగారూ ఒక మూల పట్టుకుని ఎత్తారు. కింద తెల్లటి పొడి, ఉప్పు పేరుకున్నట్టు. స్క్రూడ్రైవర్‌తో గీకితే పొడి రాలింది, దాని కింద చిన్న చిన్న గుంటలు. గుర్రం ఉచ్చ మ్యాట్ కిందికి దిగి, కడగకుండా వదిలేస్తే అల్యూమినియాన్ని ఇలాగే తినేస్తుంది. పైపైన ఉంటే కడిగి వాడుకోవచ్చు. గుంటలు లోతుగా, అడుగు పట్టీలు వెల్డ్ చేసిన చోట్ల ఉంటే మాత్రం వదిలేయాలి. వెయ్యి పౌండ్ల జంతువు కదిలే బండిలో నిలబడేది ఆ రేకు మీదే. ఇక్కడ రెండోదే కనిపించింది. ఆ తర్వాత ఏ ట్రైలర్ చూసినా మ్యాట్ ఎత్తనివ్వకపోతే లోపలికి అడుగు పెట్టలేదు. చెక్క నేల ఉన్న పాతవాటికీ ఇదే పద్ధతి, కాకపోతే అక్కడ స్క్రూడ్రైవర్ దిగబడుతుందా అని కింది వైపు నుంచి కూడా పొడిచి చూడాలి.

నేల బాగున్నా అదే ట్రైలర్ మాకు పనికొచ్చేది కాదు, లెక్క కుదరదు. పికప్ డ్రైవర్ తలుపు అంచున పేలోడ్ స్టిక్కర్ ఉంటుంది, బండి తన మీద ఎంత బరువు మోయగలదో అది చెబుతుంది. మా వన్ టన్ పికప్‌కి 3,600 పౌండ్లు రాసి ఉంది. మనుషులు, కూలర్, హిచ్, సామాను కలిపి 900 పోతే మిగిలేది 2,700. గూస్‌నెక్ ట్రైలర్ బరువులో దాదాపు 20 నుంచి 25 శాతం పికప్ మీద పడుతుంది. స్లైడ్ అవుట్ ఉన్న ఆ పెద్దది గుర్రం, నీళ్లు, గడ్డితో 16,000 పౌండ్లు దాటుతుంది. పావు వంతు వేసుకుంటే 4,000. "ఎంత లాగగలదు" అని సేల్స్‌మన్ చెప్పే అంకె వేరు, "ఎంత మోయగలదు" అనే అంకె వేరు. ముందుగా నిండిపోయేది రెండోదే. పైగా టెక్సస్‌లో పికప్, ట్రైలర్ రెండింటి రేటింగ్ కలిపి 26,001 పౌండ్లు చేరి, ట్రైలర్ 10,000 దాటితే సొంత వాడకానికైనా క్లాస్ ఏ లైసెన్స్ కావాలి. సెలవుల్లో క్యాంపింగ్‌కి పోవడానికి ఆ టెన్షన్ ఎందుకు?

అద్దె ట్రైలర్‌ని విచిటా ఫాల్స్ దగ్గర ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ మీద, అంటే లారీలు తూచే కాటా మీద తూయించాం. ముందు యాక్సిల్, వెనక యాక్సిల్, ట్రైలర్ యాక్సిళ్లు అంటూ మూడు అంకెలు విడివిడిగా చీటీ మీద వస్తాయి. ఇంటి దగ్గర ట్రైలర్ లేకుండా తూయించిన చీటీ పక్కన పెడితే పికప్ మీద ఎంత పడుతోందో తేలిపోతుంది. మా రెండు గుర్రాల ట్రైలర్, 8 అడుగుల షార్ట్ వాల్, నిండుగా 11,000 చిల్లర తూగింది. అన్ని పరిమితుల లోపలే. ఈ ప్రయాణంలో మేం పొందిన సేవలన్నిటిలో డబ్బుకి తగ్గ విలువ దీనిదే.

287 మీద ఎస్టలీన్ దాకా వెళ్లి, అక్కడ 86 పట్టుకుంటే టర్కీ అనే ఊరి మీదుగా కిటిక్వే (Quitaque) వస్తుంది. ఆ ఊరి పక్కనే కేప్‌రాక్ కాన్యన్స్ స్టేట్ పార్క్. నా వరకు ప్రయాణానికే తలమానికం ఇది. ఎర్రమట్టి కొండలు, మధ్యలో తెల్లటి జిప్సం చారలు, పార్కంతా స్వేచ్ఛగా తిరిగే అడవిదున్నలు (బైసన్). చార్లెస్ గుడ్‌నైట్ 19వ శతాబ్దంలో కాపాడిన మంద సంతతి అవి. 1997లో జేఏ రాంచ్ వాటిని రాష్ట్రానికి ఇచ్చింది. దున్నలకు 50 గజాల దూరంలో ఉండాలని రూలు. బెల్లానికి రూలు చెప్పక్కర్లేకపోయింది. దూరంగా నల్లగా కదిలేది చూడగానే చెవులు ముందుకు పెట్టి మేకు కొట్టినట్టు నిలబడిపోయింది. కొత్త గుర్రంతో, కొత్త రౌతుతో ఇక్కడికి రాకండి. పాత రైలు దారి మీద వేసిన 64 మైళ్ల ట్రైల్‌వే మాత్రం చదునుగా, పిల్లలకు హాయిగా ఉంటుంది.

అక్కడి గుర్రాల క్యాంపులో కరెంటు లేదు. ఎల్‌క్యూ అసలు గుణం బయటపడేది ఇలాంటి చోటే. రాత్రి చలికి హీటర్ వేశాం. హీటర్ ప్రొపేన్‌తో మండుతుంది గానీ వేడిగాలి తోసే ఫ్యాన్ నడిచేది బ్యాటరీ మీద. తెల్లవారుజామున ఫ్యాన్ మూలిగి ఆగిపోయింది. నీళ్ల పంపూ అంతే. అత్తయ్యగారు శాలువా కప్పుకుని, చేత్తో అగ్గిపుల్ల గీసి పొయ్యి వెలిగించి, "ఇంత డబ్బు పోసి చివరికి ఇదేనా బాబూ" అని మా ఆయన్ని అడిగారు. ఆ కుక్కర్ ఉప్మా మాత్రం పక్క సైటు వాళ్లు కూడా అడిగి తిన్నారు. కాబట్టి పాతది కొనేటప్పుడు బ్యాటరీల వయసు అడగాలి, జెనరేటర్ ఉంటే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి ఏసీ వేసి అరగంట నడిపించాలి. ముందే వేడెక్కించి ఉంచిన జెనరేటర్ ఏ సంగతీ చెప్పదు. నీళ్ల లెక్క కూడా వేరు. గుర్రం రోజుకి ఎనిమిది, పది గ్యాలన్లు సునాయాసంగా తాగుతుంది. ట్రైలర్ ట్యాంకు మనుషుల స్నానాలకే చాలదు. గుర్రం నీళ్లకు వేరే డ్రమ్ము పెట్టుకోవాల్సిందే.

సిల్వర్టన్ నుంచి క్లాడ్ వైపు 207 రోడ్డు టూల్ కాన్యన్‌లోకీ, తర్వాత పాలో డ్యూరోలోకీ దిగి ఎక్కుతుంది. 1874లో కర్నల్ మెకంజీ సైన్యం పాలో డ్యూరోలో కొమాంచీ, కైయోవా, షయాన్ జనాల గుర్రాల మందను పట్టుకుని, వెయ్యికి పైగా గుర్రాలను టూల్ కాన్యన్ దగ్గర కాల్చి చంపించింది. గుర్రం పోతే వాళ్లకు తిండి, తిరుగుడు రెండూ పోయినట్టే. వెనక బెల్లాన్ని పెట్టుకుని ఆ మలుపులు దిగుతుంటే మా అమ్మాయి ఆ కథ వినడానికి ఇష్టపడలేదు.

పాలో డ్యూరో కాన్యన్ స్టేట్ పార్క్ అందంలో తక్కువేం కాదు. దాదాపు 120 మైళ్ల పొడవు లోయ. లోపలికి దిగే రోడ్డు బాగా వాలు, ట్రైలర్ బ్రేకులు అక్కడ పరీక్షకు నిలబడాలి. సదుపాయాలు కేప్‌రాక్ కంటే మెరుగు, జనం కూడా అంతకు మించి. శనాదివారాలు తప్పించి వెళ్లండి. అమరిల్లోలో 72 ఔన్సుల స్టేక్‌కి పేరుపడ్డ బిగ్ టెక్సన్ దగ్గర గుర్రాలకూ హోటల్ ఉంది. మాంసం ముట్టని మా అత్తయ్యగారికి ఆ ప్రాంగణంలో నచ్చింది అదొక్కటే.

వెనక్కి ఓక్లహోమా మీదుగా వచ్చాం. ఎల్ రీనోలో ఎక్సిస్, చికాషాలో సిమరాన్, కోల్మన్‌లో సన్‌డౌనర్ తయారవుతాయి కాబట్టి ఆ దారిలో పాత ట్రైలర్లకు కొదవ లేదు. ఒక డీలర్ దగ్గర ఫోనులో చెప్పిన ధరకీ, కాగితం మీద పెట్టిన ధరకీ మధ్య "ప్రెప్", "డాక్యుమెంట్" పేర్లతో పెద్ద తేడా వచ్చింది. లేచి వచ్చేశాం. ఇంకో సంగతి, చాలా ట్రైలర్లకు డబ్బా ఒక కంపెనీది, లోపలి చెక్కపని ఇంకో కంపెనీది. టెక్సస్‌లో స్టీఫెన్‌విల్ ఆ పనికి పేరున్న ఊరు. ఫ్రిజ్ చెడితే ఎవరిని పట్టుకోవాలో కొనకముందే తెలుసుకోవాలి.

చివరికి మేం తీసుకున్నది ఒక రిటైరైన జంట దగ్గర. రెండు గుర్రాలు, 8 అడుగుల షార్ట్ వాల్, స్లైడ్ అవుట్ లేదు. సోఫా రంగు ఎవరికీ నచ్చలేదు. మ్యాట్లు వాళ్లే ఎత్తి గోడకు ఆనించి పెట్టారు, నేల శుభ్రంగా ఉంది. గూస్‌నెక్ మంచం చుట్టూ గోడ అరచేత్తో నొక్కుతూ పోతే ఎక్కడా మెత్తబడలేదు, పై కబోర్డుల్లో ముక్కిపోయిన వాసన లేదు. వాననీళ్లు ముందుగా దిగేది అక్కడే. వెయ్యి డాలర్లకు లోపే పుచ్చుకునే ఆర్‌వీ ఇన్‌స్పెక్టర్‌ని కూడా పిలిచాం, ఆయన నిచ్చెన వేసి పైకప్పు సీలు అంతా చూసి, ఏసీ చుట్టూ మళ్లీ వేయించమన్నాడు. టైర్లు చూడటానికి కొత్తవిలా మెరుస్తున్నాయి గానీ టైరు పక్కన ముద్రించి ఉండే డాట్ కోడ్ చివరి నాలుగంకెలు వయసు చెప్పేశాయి: మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఏడేళ్లవి. ట్రైలర్ టైర్లు అరిగిపోయి కాదు, ముసలివై పేలతాయి. స్పేర్‌తో కలిపి అన్నీ మార్పించి, బేరింగులకు గ్రీజు పెట్టించే ఖర్చు ధరలో తగ్గించుకున్నాం. ఓనర్లు పేచీ పెట్టలేదు.

ఇప్పుడు మిగిలింది పడక సమస్య. గుర్రం గదిలో గోడకు మడిచే రెండు బంకులు పెట్టించమని ఒక వెల్డర్‌ని అడిగాం. బెల్లం తలకు, పక్కటెముకలకు ఏ అంచూ తగలకుండా బంకులు పూర్తిగా తీసేసేలా ఉండాలని మా అమ్మాయి షరతు. తర్వాతి సెలవులకు బాండెరా దగ్గర హిల్ కంట్రీ స్టేట్ నాచురల్ ఏరియా బుక్ చేశాం. అక్కడ తాగునీళ్లు దొరకవు, అన్నీ మనమే మోసుకెళ్లాలి. డ్రమ్ము బరువు కూడా కలిపి మళ్లీ క్యాట్ స్కేల్ ఎక్కించాకే దక్షిణానికి తిరుగుతాం.