మాస్టర్స్ అయ్యాక పీఏ స్కూలా, నర్సింగ్ మీదుగా ఎన్‌పీయా, మెడికల్ స్కూలా: ఏది మేలు?

“ఒక మాస్టర్స్ ఉంది కదా, మళ్ళీ ఇంకో మాస్టర్స్ ఎందుకమ్మా?” అమెరికాలో ఎంపీహెచ్ (పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్) చేసిన అమ్మాయో, బయోటెక్నాలజీలో ఎంఎస్ చేసిన అబ్బాయో పీఏ స్కూలుకు అప్లై చేస్తానని ఇంట్లో చెప్పగానే వచ్చే మొదటి ప్రశ్న ఇది. వెంటనే రెండోది వస్తుంది: “అంత కష్టపడేదేదో డాక్టరే చదవొచ్చుగా?” రెండూ అడగాల్సిన ప్రశ్నలే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పేషెంట్లను చూడటమే మీకు కావాలి, వయసు ఇరవైల చివర్లోకి వచ్చింది, సిటిజన్‌షిప్పో గ్రీన్‌కార్డో చేతిలో ఉంది అనుకుంటే పీఏ మేలు. ఈ మూడింటిలో ఏది లేకపోయినా లెక్క మారుతుంది.

పీఏ అంటే ఫిజీషియన్ అసిస్టెంట్, ఆ చదువూ మాస్టర్స్ స్థాయిదే. 2021లో ఆ వృత్తి సంఘం పేరును ఫిజీషియన్ అసోసియేట్‌గా మార్చింది కానీ, చాలా రాష్ట్రాల చట్టాల్లో, జనం నోట్లో పాత పేరే నడుస్తోంది. పేషెంటును పరీక్షిస్తారు, జబ్బేమిటో తేలుస్తారు, మందులు రాస్తారు, ఆపరేషన్లలో సర్జన్ పక్కన నిలబడతారు. డ్యూక్ యూనివర్సిటీలో 1965లో డాక్టర్ యూజీన్ స్టెడ్ ఈ చదువు మొదలుపెట్టినప్పుడు ఆయన ఎంచుకున్నది నేవీలో వైద్య సేవలు చేసి వచ్చిన కోర్‌మెన్‌లను. రోగిని ముట్టుకుని పని చేసిన అనుభవం ఉన్నవాళ్ళకు తక్కువ కాలంలో వైద్యం నేర్పవచ్చన్నది ఆయన నమ్మకం. ఇప్పటికీ పీఏ స్కూళ్ళు చూసేది ఆ అనుభవాన్నే. మాస్టర్స్ చేసినవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేదీ అక్కడే.

మాస్టర్స్ జీపీఏ ఎంతవరకు పనికొస్తుంది?

పీఏ స్కూళ్ళకు అప్లికేషన్లు దాదాపు అన్నీ క్యాస్పా అనే ఒకే పోర్టల్ ద్వారా వెళ్తాయి. మీరు చదివిన ప్రతి కోర్సునూ ట్రాన్స్‌క్రిప్ట్ చూసుకుంటూ అందులో ఎక్కించాలి. తర్వాత క్యాస్పా తన పద్ధతిలో జీపీఏ (4.0కి లెక్కేసే గ్రేడ్ల సగటు) లెక్క కడుతుంది. బ్యాచిలర్స్ ఒక వరుస, గ్రాడ్యుయేట్ ఇంకో వరుస, సైన్స్ వేరే, మొత్తం వేరే. ఒకే కోర్సు రెండుసార్లు చదివితే రెండు గ్రేడ్లూ లెక్కలోకి వస్తాయి. మంచి గ్రేడు వచ్చిందని పాతది పోదు.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. బ్యాచిలర్స్‌లో 120 క్రెడిట్లు, జీపీఏ 2.8. ఆ తర్వాత మాస్టర్స్‌లో 36 క్రెడిట్లు, జీపీఏ 3.9. మొత్తం కలిపితే 3.05 వస్తుంది. కాని అండర్‌గ్రాడ్యుయేట్ వరుసలో ఇంకా 2.8 దగ్గరే ఉంటారు. చాలా స్కూళ్ళు కనీసం 3.0 అడుగుతాయి. కొన్ని మొత్తం జీపీఏ చూస్తాయి, కొన్ని అండర్‌గ్రాడ్యుయేట్, సైన్స్ వరుసలు పట్టుకుంటాయి. అదే మనిషి మాస్టర్స్ బదులు, లేదా మాస్టర్స్ తర్వాత, కమ్యూనిటీ కాలేజీలో 24 అండర్‌గ్రాడ్యుయేట్ క్రెడిట్లు అన్నీ ‘A’ గ్రేడుతో (4.0) పూర్తి చేస్తే అండర్‌గ్రాడ్యుయేట్ జీపీఏ సరిగ్గా 3.0కి చేరుతుంది. రెండేళ్ళు, వేల డాలర్లు పోసిన మాస్టర్స్ కదిలించలేని అంకెను కమ్యూనిటీ కాలేజీ కోర్సులు కదిలిస్తాయి. జీపీఏ పెంచుకోవడం కోసమే మాస్టర్స్‌లో చేరుదామని ఆలోచిస్తున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ పేరా రెండుసార్లు చదవండి.

మరి మాస్టర్స్ వృథానా? వృథా కాదు, ఏ మాస్టర్స్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. బయోమెడికల్ సైన్సెస్‌లో ఫిజియాలజీ, ఫార్మకాలజీ లాంటివి బాగా చదివి ఉంటే, పీఏ మొదటి ఏడాది ఒత్తిడిని తట్టుకుంటారని కమిటీకి నమ్మకం కుదురుతుంది. ఎంపీహెచ్ అయితే ఇంటర్వ్యూలో మాట్లాడటానికి సరుకు దొరుకుతుంది. జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీ లాంటి చోట్ల పీఏ, ఎంపీహెచ్ కలిపి చదివించే ప్రోగ్రామే ఉంది. కాని ఎంపీహెచ్ కోర్సుల్లో చాలావరకు సైన్స్ జీపీఏలోకి రావు. అనాటమీ, మైక్రోబయాలజీ ల్యాబుతో సహా చదవకుండా చాలా చోట్ల అప్లై చేయడం కుదరదు. చదివి ఎన్నేళ్ళయిందో కూడా చూస్తారు. ఐదేళ్ళో పదేళ్ళో దాటిన కోర్సును ఒప్పుకోని స్కూళ్ళున్నాయి.

గంటల మాటేమిటి?

పేషెంట్ కేర్ గంటలు స్కూలును బట్టి 500 నుంచి 2,000 దాకా అడుగుతారు. రీసెర్చ్ ల్యాబులో మూడేళ్ళు పని చేసినా ఆ గంటలు ఈ ఖాతాలో పడవు. మెడికల్ అసిస్టెంటు, ఈఎంటీ (అంబులెన్సు సిబ్బంది), నర్సింగ్ హోమ్‌లో సీఎన్ఏ (నర్సులకు సహాయకులు) లాంటి పనులే లెక్క. “మాస్టర్స్ చదివి సీఎన్ఏ పనా?” అని మన ఇళ్ళలో నామోషీగా చూస్తారు. నాకు మాత్రం దరఖాస్తు మొత్తంలో అంతకంటే విలువైన భాగం కనిపించదు.

ప్రైమరీ కేర్ క్లినిక్‌లో మెడికల్ అసిస్టెంటు పనే తీసుకోండి. పేషెంటును గదిలో కూర్చోబెట్టి బీపీ చూస్తారు, బరువు రాస్తారు, మందుల జాబితా సరిచూస్తారు. గుంటూరు నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన పెద్దావిడ చేతిసంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి అందులోని మాత్రల షీట్లు బల్ల మీద పెడుతుంది. ఒకటి గ్లైకోమెట్. అది మెట్‌ఫార్మిన్ అనీ, ఇక్కడ ఆవిడకు రాసిచ్చిన మెట్‌ఫార్మిన్‌తో కలిపి రోజూ రెండు రకాలుగా ఒకే మందు మింగుతోందనీ గుర్తుపట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. “పొద్దున ఏది వేసుకుంటున్నారు, రాత్రి ఏది?” అని తెలుగులో ఓపిగ్గా అడిగే మనిషి ఉంటే చాలు. అప్లికేషన్ వ్యాసంలో ఎందుకు పీఏ కావాలనుకుంటున్నారో రాయడానికి అలాంటి ఒక్క పూట పని ఇచ్చే మాటలు ఏ థీసిస్సూ ఇవ్వదు.

ఎన్‌పీతో పోలిస్తే

ఎన్‌పీ అంటే నర్స్ ప్రాక్టిషనర్, పై చదువు చదివి పేషెంట్లను చూసి మందులు రాసే నర్సు. వాళ్ళు చేసే పని రోజువారీగా చూస్తే పీఏ పనికి బాగా దగ్గర. జీతాలూ అంతే. ప్రభుత్వ కార్మిక గణాంకాల ప్రకారం 2023 మేలో పీఏల మధ్యస్థ వార్షిక జీతం 1,30,020 డాలర్లు, ఎన్‌పీలది 1,26,260. కాబట్టి జీతం చూసి నిర్ణయించుకోవద్దు. దారి చూసి నిర్ణయించుకోండి.

పీఏ ఒకే బిగువున సుమారు 27 నెలలు సాగుతుంది. మొదటి భాగం క్లాసులు, తర్వాత సర్జరీ, ఎమర్జెన్సీ, పిల్లల వైద్యం, సైకియాట్రీ ఇలా అన్ని విభాగాల్లో దాదాపు 2,000 గంటల రొటేషన్లు. చివర్లో పీఏగా పని చేయడానికి రాయాల్సిన 300 ప్రశ్నల పాన్స్ పరీక్ష. చదువుతున్నంత కాలం ఉద్యోగం చేయడం దాదాపు అసాధ్యం. బయటికొచ్చాక కార్డియాలజీ నుంచి ఆర్థోపెడిక్స్‌కు మారాలన్నా మళ్ళీ డిగ్రీ చదవక్కర్లేదు.

నర్సింగ్ దారిలో ముందు యాక్సిలరేటెడ్ బీఎస్ఎన్ (ఇప్పటికే డిగ్రీ ఉన్నవాళ్ళకు త్వరగా ముగిసే నర్సింగ్ డిగ్రీ), 12 నుంచి 18 నెలలు. నర్సింగ్ లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ పాసై ఆర్ఎన్‌గా (రిజిస్టర్డ్ నర్సుగా) చేరితే జీతం మొదలవుతుంది. ఎన్‌పీ చదువు ఉద్యోగం చేస్తూ సాగించవచ్చు. చాలా ఆసుపత్రులు ఫీజులో కొంత భరిస్తాయి, ఏడాదికి 5,250 డాలర్ల దాకా ఆ సాయం మీద టాక్స్ కూడా ఉండదు. కాని ఫ్యామిలీ, సైకియాట్రీ అంటూ మొదట్లోనే విభాగం ఎంచుకోవాలి. ఇంకో విభాగానికి మారాలంటే మళ్ళీ సర్టిఫికెట్ చదువు. స్వతంత్రంగా ప్రాక్టీసు పెట్టుకోవాలని కోరిక ఉంటే మాత్రం ఎన్‌పీదే పైచేయి. సగానికి పైగా రాష్ట్రాలు వాళ్ళకు ఆ హక్కు ఇచ్చాయి. అయితే మనవాళ్ళు ఎక్కువగా ఉండే టెక్సస్‌లో ఎన్‌పీకీ డాక్టరుతో ఒప్పందం తప్పదు.

ఇంటి బాధ్యతలున్నవాళ్ళకు, రెండేళ్ళకు పైగా జీతం లేకుండా గడవనివాళ్ళకు నర్సింగ్ దారే నేను చెబుతాను. పిల్లలు చిన్నవాళ్ళయితే మరీ.

డాక్టరే ఎందుకు కాకూడదు?

నాలుగేళ్ళ మెడికల్ స్కూలు, ఆపైన మూడు నుంచి ఏడేళ్ళ రెసిడెన్సీ. ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో మెడికల్ ఎంట్రన్స్ అయిన ఎమ్‌క్యాట్ పుస్తకాలు తెరిచినవాళ్ళు స్వతంత్రంగా పని చేసేసరికి నలభైకి దగ్గరవుతారు. సర్జన్ కావాలి, చివరి నిర్ణయం నాదే కావాలి అని మనసులో గట్టిగా ఉంటే ఆ ఏళ్ళు పెట్టాల్సిందే. పీఏ అయ్యాక ఆ కోరిక తీరదు, లోపల తొలుస్తూనే ఉంటుంది. మెడికల్ సీటు రాకపోతే పీఏ అనుకుంటూ వచ్చేవాళ్ళను ఇంటర్వ్యూలో ఇట్టే పసిగడతారు.

డబ్బు, వీసా

ఇక్కడ కొత్త మార్పు ఒకటి వచ్చింది. 2025 జులైలో చట్టమైన బిల్లు ప్రకారం 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్ళకు గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ లోన్లు ఉండవు. గ్రాడ్యుయేట్ విద్యార్థికి ఫెడరల్ అప్పు పరిమితి ఏడాదికి 20,500, మొత్తం మీద లక్ష డాలర్లు. ప్రొఫెషనల్ డిగ్రీ అయితే ఏడాదికి 50,000, మొత్తం రెండు లక్షలు. 2025 నవంబరులో విద్యాశాఖ కమిటీ ఒప్పుకున్న ప్రొఫెషనల్ డిగ్రీల జాబితాలో మెడిసిన్ ఉంది. పీఏ, నర్సింగ్ లేవు. మాస్టర్స్‌కు రెండేళ్ళూ 20,500 చొప్పున 41,000 వాడేసుకున్నవాళ్ళకు ఈ పద్ధతిలో మిగిలేది 59,000. పీఏ స్కూలు ఫీజే లక్ష దాటే చోట్లు చాలా ఉన్నాయి. మిగతాది ప్రైవేటు అప్పే, దానికి సంతకం పెట్టాల్సింది అమ్మానాన్నలే. అందుకే రాష్ట్ర యూనివర్సిటీల ప్రోగ్రాములను జాబితాలో పైన పెట్టండి.

సిటిజన్‌షిప్, గ్రీన్‌కార్డు లేనివాళ్ళకు ఫెడరల్ లోన్లు సాధారణంగా రావు. ఎఫ్1 (స్టూడెంట్), హెచ్4 (డిపెండెంట్) వీసాల మీద ఉన్నవాళ్ళను తీసుకోని పీఏ స్కూళ్ళు చాలా ఉన్నాయి. ఫీజు కట్టే ముందు ప్రతి స్కూలు వెబ్‌సైటులో ఆ ఒక్క నిబంధన వెతకండి. ఇండియాలో చదివిన ఫిజీషియన్ అసిస్టెంట్ డిగ్రీతో గాని, ఎంబీబీఎస్‌తో గాని నేరుగా పాన్స్ రాయడం కుదరదు. అమెరికాలో గుర్తింపు ఉన్న ప్రోగ్రాములో చదివినవాళ్ళకే ఆ పరీక్ష. బీఫార్మసీ, బీడీఎస్ లాంటివి ఇండియాలో చేసి వచ్చినవాళ్ళు డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థతో ట్రాన్స్‌క్రిప్టు మదింపు చేయించుకోవాలి. ముఖ్యమైన సైన్స్ కోర్సులు మళ్ళీ ఇక్కడే చదవమనే స్కూళ్ళు ఎక్కువ. వీసా మీద ఉన్నవాళ్ళకు నర్సింగ్‌లో ఒక సౌలభ్యం ఉంది: ఆర్ఎన్‌లు షెడ్యూల్ ఏ (మనుషుల కొరత ఉన్న వృత్తుల ప్రభుత్వ జాబితా) కిందికి వస్తారు కాబట్టి గ్రీన్‌కార్డుకు లేబర్ సర్టిఫికేషన్ దశ తప్పుతుంది. ఇండియాలో పుట్టినవాళ్ళ వరుసలో నిలబడటం మాత్రం తప్పదు.

క్యాస్పా ఏటా ఏప్రిల్ చివర్లో తెరుచుకుంటుంది. చాలా స్కూళ్ళు అప్లికేషన్లు వచ్చిన వరుసలోనే చూసి ఇంటర్వ్యూలకు పిలుస్తూ పోతాయి, కాబట్టి గడువు తేదీ దాకా ఆగితే సగం సీట్లు అప్పటికే నిండి ఉండొచ్చు. సిఫారసు లేఖల్లో ఒకటైనా మీ పని దగ్గరుండి చూసిన పీఏ నుంచి ఉండేలా ఫిబ్రవరిలోనే అడిగి పెట్టుకోండి. మాస్టర్స్ గైడ్ రాసే లేఖ దానికి తోడు మాత్రమే.