ట్రైలర్ మీద యంత్రాల తరలింపు: రాళ్ల జాలీ నుంచి రాచెట్ బెల్టు దాకా, చాలాకాలం వాడిన తర్వాత

వ్యవసాయ యంత్రాలను ట్రైలర్ మీద తీసుకెళ్లేటప్పుడు దారిలో దెబ్బతినకుండా చూస్తాయని చెప్పి అమ్మే సామగ్రిలో నాలుగింటిని నేను ఎన్నో పంటకాలాలుగా వాడుతున్నాను. అవి ట్రైలర్ ముందు నిలబెట్టే ఇనుప జాలీ, లాగే వాహనం వెనుక చక్రాల దగ్గర వేలాడే రబ్బరు పట్టా, లోడును కట్టి మీటతో బిగించే పాలియెస్టర్ రాచెట్ బెల్టులు, పీవీసీ పూత ఉన్న టార్పాలిన్. వీటి సాయంతో తరలించేది ట్రాక్టర్, మట్టిని గుల్లచేసే రోటవేటర్, విత్తనాలు వేసే సీడ్ డ్రిల్, అప్పుడప్పుడు పొడవాటి చేతులతో మందు చల్లే బూమ్ స్ప్రేయర్. కొనేటప్పుడు అందరి దృష్టీ రాళ్ల మీదే ఉంటుంది. వాడకంలో నాకు తేలింది వేరు: రాయి చేసిన నష్టం వెంటనే కంటికి కనిపిస్తుంది గానీ, కదలిక, ఒరిపిడి, గాలి కలిసి చేసే నష్టమే ఎక్కువ, పైగా అది ఆలస్యంగా బయటపడుతుంది.

జాలీ సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే నాలుగింటిలోనూ దానికే ఖర్చెక్కువ, అవసరం తక్కువ. రాళ్లు చాలావరకు లాగే వాహనం వెనుక టైర్ల నుంచే లేస్తాయి. అలా లేచిన రాయికి వెనకే వేగంగా వస్తున్న యంత్రం ఎదురు వెళ్లి గుద్దుకుంటుంది కాబట్టి చిన్న కంకర ముక్క కూడా హెడ్‌లైట్‌ను పగలగొట్టగలదు. జాలీ ఈ రాళ్లను హెడ్‌లైట్లకూ రేడియేటర్‌కూ తగలకుండా బాగానే ఆపుతుంది. అయితే బిగువైన జాలీకి తగిలిన రాయి అక్కడితో ఆగక, ఎదురు ఎగిరి లాగే వాహనం వెనుక అద్దం మీదికి పోతుంది. పై అంచు ముందుకు వంగి ఉండేలా బిగిస్తే రాయి నేల వైపు మళ్లుతుందన్న మాట నిజమే; నా జాలీని అలా మార్చాక అద్దానికి దెబ్బ తగలలేదు. దాని నట్లు మాత్రం అదురుకు వదులవుతూనే ఉంటాయి, వదులవకుండా పట్టుకునే నైలాన్ లాక్‌నట్లు వేశాకే కుదుటపడ్డాయి. జాలీకి బదులు మూత రేకు బిగించమని కొందరు సలహా ఇస్తారు గానీ, అది గాలినంతా ఎదుర్కొని బండి లాగుడును పెంచుతుంది, నేను సిఫారసు చేయను.

రాయిని పుట్టినచోటే ఆపే రబ్బరు పట్టా ఇంతకంటే మేలైన వస్తువు. అది చక్రానికి ఎంత దగ్గరగా, నేలకు ఎంత కిందికి ఉంటే అంత బాగా పనిచేస్తుంది. మరీ కిందికి దించితే బండిని వెనక్కి తీసేటప్పుడు టైరు కింద పడి చిరుగుతుంది. పలుచని పట్టా వేగం పెరిగేసరికి గాలికి పైకి లేచిపోతుంది కాబట్టి కింది అంచున బరువైన ఇనుప పట్టీ ఉన్నదాన్నే ఎంచుకోవాలి. సైలెన్సర్ గొట్టం దగ్గరగా ఉన్న వైపు పట్టా వేడికి గట్టిపడి పగుళ్లు తీసింది, ఆ వైపు కాస్త ఎడం ఇచ్చి బిగించుకోవడం మంచిది.

రాళ్ల వల్ల అన్నిటికంటే ఖరీదైన నష్టం అద్దాలకు కాదు, హైడ్రాలిక్ సిలిండర్ రాడ్‌కు, అంటే నూనె ఒత్తిడితో లోపలికీ బయటికీ ఆడే ఇనుప కడ్డీకి జరుగుతుంది. రాడ్ మీది క్రోమ్ పూతకు రాయి తగిలితే ఆవగింజంత గుంట పడుతుంది, దాని అంచు గోటికి గరుకుగా తగులుతుంది. రాడ్ లోపలికీ బయటికీ ఆడినప్పుడల్లా ఆ అంచు నూనె కారకుండా ఆపే ఆయిల్ సీల్‌ను కొద్దికొద్దిగా కోస్తుంది. కొన్ని వారాల తర్వాత రాడ్ చుట్టూ నూనె తడి, దానికి అంటుకున్న దుమ్ము నల్లటి ఉంగరంలా కనిపించేసరికి సీల్ మార్చాల్సిన పరిస్థితి వస్తుంది. అందుకే బయల్దేరే ముందు సిలిండర్లను వీలైనంత లోపలికి ముడిచి ఉంచుతాను. ముడవడానికి వీలులేని రాడ్‌లకు పాత రబ్బరు గొట్టాన్ని నిలువునా చీల్చి తొడుగుతాను. పైసా ఖర్చు లేని ఈ తొడుగు జాలీ కంటే ఎక్కువ ఫలితమిచ్చింది. హోస్ కప్లర్లకు (నూనె గొట్టాలను కలిపే మూతులకు) మూతలు పెట్టడం కూడా ఇలాంటిదే. మూత లేని కప్లర్‌లో చేరిన దుమ్ము ఆ తర్వాత నేరుగా నూనెలోకి పోతుంది.

ఇక రాచెట్ బెల్టులు. 50 మిల్లీమీటర్ల వెడల్పున్న బెల్టు లేబుల్ మీద పనికి అనుమతించే భారం, తెగే బలం వేర్వేరుగా రాసి ఉంటాయి. పెద్ద అంకెను చూసి మోసపోకుండా మొదటిదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. యూరప్ ప్రమాణమైన ఈఎన్ 12195-1 ప్రకారం కట్టు ముందు వైపు యంత్రం బరువులో 0.8 వంతు, పక్కలకూ వెనక్కూ 0.5 వంతు బలాన్ని తట్టుకోవాలి. సడన్ బ్రేకు వేసినప్పుడు లోడు ముందుకు ఎంత బలంగా తోసుకొస్తుందో చూసినవారికి ఈ అంకెలు అతిగా అనిపించవు. యంత్రం పైనుంచి వేసి కిందికి నొక్కిపట్టే బెల్టు నిటారుగా దిగితే పూర్తి బలం నొక్కుడుకే పోతుంది. ట్రైలర్ నేలతో 30 డిగ్రీల కోణంలో వాలితే అందులో సగమే మిగులుతుంది. ముడి వేసిన బెల్టును మాత్రం అసలు నమ్మకూడదు.

ట్రాక్టర్ విషయంలో ఇంకో చిక్కుంది. గతుకు వచ్చినప్పుడల్లా టైర్లు నొక్కుకుని లేస్తాయి, ఆ క్షణంలో బెల్టు వదులై మళ్లీ ఒక్కసారిగా గుంజుకుంటుంది. పాలియెస్టర్‌కు సాగే గుణం తక్కువే అయినా, ఈ గుంజుళ్లకు బెల్టు అంచుల్లో పోగులు లేస్తాయి. అందుకని ట్రాక్టర్‌ను ఇరుసు దగ్గర గొలుసులతో, పనిముట్లను బెల్టులతో కడుతున్నాను. బెల్టును ఒక మెలిక తిప్పి వేస్తే గాలికి దడదడలాడదు. స్టీరింగ్ రాడ్, రేకు భాగాలు, హోస్‌లు దాని దారిలో ఉండకూడదు. కొత్తగా కట్టిన లోడు మొదటి కొన్ని కిలోమీటర్లలోనే సర్దుకుంటుంది కాబట్టి అక్కడ ఆపి మళ్లీ బిగించడం తప్పనిసరి. పనిముట్టును ట్రైలర్ నేల మీదికి పూర్తిగా దించి, హైడ్రాలిక్ ఒత్తిడి తీసేశాకే కట్టాలి; హైడ్రాలిక్స్ మీద వేలాడుతూ ప్రయాణించే రోటవేటర్‌ను ఏ బెల్టూ స్థిరంగా ఉంచలేదు. ఉత్త ఇనుప నేల మీద ఇనుము సులభంగా జారుతుంది, కింద రబ్బరు మ్యాట్ వేస్తే అదే బిగింపుతో కట్టు ఎన్నో రెట్లు నిలుస్తుంది. బూమ్ స్ప్రేయర్ చేతులకు లాక్ పిన్నులు ఉన్నా విడిగా ఒక బెల్టు వేస్తాను, పీటీవో షాఫ్ట్‌ను (ట్రాక్టర్ ఇంజన్ శక్తిని పనిముట్టుకు అందించే తిరిగే కడ్డీని) మాత్రం విప్పి పక్కన పెడతాను.

టార్పాలిన్ నన్ను నిరాశపరిచింది. కంపెనీవారు వానకూ దుమ్ముకూ రక్షణ అంటారు, అది నిజమే. అయితే గాలికి రెపరెపలాడే టార్పాలిన్ కింద చేరిన ఇసుక ట్రాక్టర్ బోనెట్ అంచుల దగ్గర రంగును గరుకు కాగితంలా అరగదీసింది, తడిగా కప్పి ఉంచిన చోట తుప్పు మొదలైంది. ఇప్పుడు ట్రాక్టర్ మీద కప్పడం మానేశాను. సీడ్ డ్రిల్ పెట్టెలకు, వైర్ల కనెక్టర్లు బయటికి ఉన్న యంత్రాలకు మాత్రం బిగువుగా కట్టి వాడుతున్నాను, చేరగానే విప్పేస్తాను.

గాలి వల్ల వచ్చే మరో ప్రమాదం చాలామందికి తెలియదు. టర్బో (పొగ వేగంతో తిరిగి ఇంజన్‌లోకి గాలిని నెట్టే చక్రం) ఉన్న ఇంజన్‌ను ఆపి ట్రైలర్ మీద తీసుకెళ్లేటప్పుడు పొగగొట్టంలోంచి గాలి ఆడితే టర్బో చక్రం తనంతట తిరుగుతుంది. ఇంజన్ ఆగి ఉంది కాబట్టి బేరింగులకు ఆయిల్ అందదు, అవి అరిగిపోతాయి. పొగగొట్టం మూతిని టేపుతో మూస్తే సరిపోతుంది. టేపు సంగతి ఇంజన్ ఆన్ చేసేవారికి గుర్తుండాలని స్టీరింగ్‌కు ఎర్రగుడ్డ కడుతున్నాను.

మన్నిక విషయానికొస్తే, రబ్బరు పట్టా, జాలీ ఇంకా నిలిచాయి. బెల్టులు అలా కాదు, ఎండ వాటిని తినేస్తుంది. రంగు వెలిసి బిరుసెక్కినా, అంచు కోసుకున్నా, లేబుల్ మీది అంకెలు చదవలేని స్థితికి వచ్చినా ఆ బెల్టును లోడుకు వాడను. పక్కన పెట్టిన బెల్టును ఆ రోజే ముక్కలుగా కోసి, కొత్త బెల్టులు ఒరుసుకునే అంచుల కింద మెత్తగా వేస్తున్నాను. కోయకుండా ఉంచితే ఎవరో ఒకరు తొందరలో దాన్నే తీసి ట్రాక్టర్‌కు కట్టేస్తారు.