40 థౌ పిస్టన్లు: మూడేళ్లు నడిపిన తర్వాత

పిస్టన్ నెత్తిమీద గుద్దిన సైజు అంకె ఒక్కటే చూసి డబ్బు చెల్లించే పని ఇక ఎన్నటికీ చేయను. మా నాన్నగారు 1984లో కొన్న ప్రీమియర్ పద్మిని కారుకు 40 థౌ ఓవర్‌సైజు పిస్టన్లు (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు; ఇవి అసలు సైజుకన్నా సుమారు ఒక మిల్లీమీటరు పెద్దవి) వేయించి మూడేళ్లు దాటింది, ఆ తర్వాత బండి 14,000 కిలోమీటర్లు తిరిగింది. ఇంజను నడక మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. నా బాధంతా ఆ నాలుగు పిస్టన్లను ఒక్కచోట చేర్చడానికి పట్టిన ఐదు నెలల గురించే.

68 మిల్లీమీటర్ల అసలు బోరు, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, అప్పటికే ఒకసారి 20 థౌకు పెరిగి ఉంది. 30తో సరిపెడదామనుకుంటే మూడో సిలిండర్ గోడమీద గోరుకు తగిలేంత లోతున గీత పడి ఉంది. దుకాణాల్లో 60 థౌ సెట్లు దొరుకుతున్నాయి కానీ, ఒకేసారి అంత ఇనుము కోసేస్తే ఆ ఇంజను బ్లాకుకు మరో రీబోరింగ్ (సిలిండర్‌ను మళ్లీ కోసి వెడల్పు చేయడం) మిగలదు. అందుకే 40 కోసం పట్టుబట్టాను. విజయవాడ ఆటోనగర్‌లో నా బ్లాకు కొలిచిన మేస్త్రి మాత్రం ఒకే మాట అన్నారు: "ముందు పిస్టన్లు తీసుకురండి సార్, బోరు ఆ తర్వాత కొడదాం." ఏ పిస్టన్‌కు ఆ పిస్టన్‌ను మైక్రోమీటర్‌తో కొలిచి, దానికి తగిన సందు వదిలి దాని సిలిండర్‌ను కోయడం ఆయన పద్ధతి. ఆ మాట వినడం వల్లనే నా బ్లాకు బతికింది.

ఆటోనగర్‌లో దొరకలేదు, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో రెండు శనివారాలు తిరిగినా దొరకలేదు. చివరికి ముంబయిలోని ఒక దుకాణంలో, పాత నిల్వలో ఒక సెట్ ఉందని మిత్రుడి ద్వారా తెలిసింది. పద్మిని టాక్సీలు దశాబ్దాల పాటు తిరిగిన నగరం కాబట్టి ఆ సరుకు అక్కడ ఇంకా మిగిలి ఉండటంలో ఆశ్చర్యం లేదు. 2023 అక్టోబరులో చివరి పద్మిని టాక్సీ కూడా తప్పుకున్న తర్వాత అక్కడి నిల్వలను తిరిగి నింపేవారెవరన్నది నాకు నిజమైన దిగులు.

పెట్టె వచ్చిన రోజున నేను పొందిన సంతోషం ఇంతా అంతా కాదు. మైనపు కాగితం విప్పితే ఒక్కొక్క పిస్టన్ మీద గట్టిపడిన నూనె పూత, నెత్తిన స్పష్టంగా 040 అనే అంకె. మేస్త్రి నాలుగింటినీ కొలిచారు, వ్యాసం సరిగ్గానే ఉంది. ఆ తర్వాత ఆయన మందపాటి అద్దం పలక ఒకటి తెచ్చి, పిస్టన్లను దానిమీద తలకిందులుగా పక్కపక్కనే నిలబెట్టి, పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్‌కు కలిపే పిన్ను ఒకదానికి నూనె రాసి మొదటిదానిలోకి దూర్చి బొటనవేలితో నెమ్మదిగా నెట్టారు. పిన్ను మొదటిదానిలోంచి రెండోదానిలోకి, రెండోదానిలోంచి మూడోదానిలోకి జారింది. నాలుగోదాని అంచుకు తగిలి ఆగిపోయింది. ఆ పిస్టన్‌లో పిన్ను రంధ్రం నెత్తికి మరో మిల్లీమీటరున్నర దూరంలో ఉంది. అంటే బిగించాక అది మిగిలిన మూడింటికన్నా అంత ఎత్తుకు వచ్చేది. సిలిండర్లను పైనుంచి మూసే హెడ్‌ను తాకకపోయినా ఆ ఒక్క సిలిండర్‌లో కంప్రెషన్ పెరిగి ఇంజను ఎప్పటికీ సమంగా తిరిగేది కాదు. అంకె చెప్పినది నిజమే, కానీ అది వ్యాసం ఒక్కటే చెబుతుంది. ఎత్తు గురించి, బరువు గురించి ఏమీ చెప్పదు. ఎవరో ఎప్పుడో విడి పిస్టన్‌తో ఆ సెట్‌ను పూర్తిచేసి అమ్మకానికి పెట్టారు. దుకాణదారుకు ఫోన్ చేస్తే 40 అడిగారు, 40 ఇచ్చాం అన్నారు. వెనక్కు తీసుకోలేదు.

ఆ తర్వాతి మూడు నెలలూ ఒక్క పిస్టన్ కోసమే తిరిగాను. రాణిగంజ్‌లో ఒక పెద్దాయన బీరువా అడుగున పెట్టె లేని విడి పిస్టన్లు రెండు ఉంటే, సరిపోయిన మూడింటిలో ఒకదాన్ని వెంట తీసుకెళ్లి, పక్కన పెట్టి వెర్నియర్‌తో కొలిచి, ఒకటి తెచ్చుకున్నాను. అది 9 గ్రాములు ఎక్కువ బరువు తూగితే, మేస్త్రి స్కర్టు (పిస్టన్ కింది భాగం) లోపలి అంచున కొద్దికొద్దిగా లోహం తీస్తూ మళ్లీ మళ్లీ తూచి సమం చేశారు. ఆ రోజున ఆయన కూలి డబ్బులు మాత్రమే తీసుకున్నారు, నేనిచ్చిన అదనం తీసుకోలేదు.

పాత నిల్వ పిస్టన్లే మేలని మొదటి సంవత్సరం కనిపించిన ప్రతివారికీ చెప్పాను. ఇప్పుడు ఆ మాటను కొంత తగ్గించి చెప్పవలసి ఉంది. పిస్టన్ల చుట్టూ వేసేందుకు పెట్టెలో వచ్చిన రింగులతో నూనె ఖర్చు తగ్గనేలేదు. 6,000 కిలోమీటర్ల దగ్గర హెడ్ దించి, ప్రతి రింగునూ సిలిండర్‌లో పెట్టి ఫీలర్ గేజితో సందు చూసుకుని కొత్త రింగులు వేయించిన తర్వాతే నీలిపొగ ఆగింది. చలికాలం ఉదయాల్లో స్టార్ట్ చేసిన రెండు నిమిషాల వరకు పిస్టన్ గోడకు కొట్టుకునే చప్పుడు వినిపిస్తుంది, ఇంజను వేడెక్కితే పోతుంది. తర్వాత తెచ్చుకున్న ఆ నాలుగోదానిదే ఆ చప్పుడని నా అనుమానం, మేస్త్రి ఒప్పుకోరు.

నేను వారానికి రెండుసార్లు, విజయవాడ నుంచి మా ఊరికి 60 కిలోమీటర్ల లోపే నడుపుతాను. తొందర లేదు, పదవీ విరమణ చేసినవాడిని, తిరగడానికి తీరిక ఉంది. రోజూ పనికి వాడుకునే బండి అయితే ఈ దారి నేను సూచించను. సిలిండర్లకు స్లీవులు (లోపలి గొట్టాలు) దిగ్గొట్టించి, కొంత సులువుగా దొరికే అసలు సైజు పిస్టన్లు వేయించుకోవడం ఖర్చు ఎక్కువైనా వారికి నయం కావచ్చు. మా నాన్నగారు నడిపిన బ్లాకును అసలు ఇనుముతోనే ఉంచాలన్నది నా పట్టుదల, అది అందరికీ అవసరం లేదు. 40 సెట్ కోసమే వెతికేవారు ఎవరైనా ఉంటే, డబ్బు పంపేముందు నాలుగు పిస్టన్లనూ అద్దం మీద తలకిందులుగా నిలబెట్టి, ఒకే పిన్ను నాలుగింటిలోంచీ జారేటట్లు వీడియో తీసి పంపమని అడగండి. పంపనంటే ఆ పెట్టె అక్కడే వదిలేయండి.