మాథ్యూ హెన్రీ వ్యాఖ్యానంతో 12 ఏళ్లు

సండే స్కూల్లో ఆదికాండము 2వ అధ్యాయం చెబుతున్నాను. హవ్వను ఆదాము తలలోనుంచి తీస్తే పెత్తనం చేసేదని, పాదాల్లోనుంచి తీస్తే అతను తొక్కేసేవాడని, అందుకే పక్కన సమానంగా ఉండేలా దేవుడు ప్రక్కటెముక నుంచి తీశాడని వాక్యం చెబుతోందన్నాను. మన పెళ్లి ప్రసంగాల్లో ఈ మాట వినని వాళ్లుండరు. ఒక పాప బైబిలు తెరిచి, "అన్నయ్యా, అది ఏ వచనం?" అని అడిగింది.

వెతికాను, దొరకలేదు. వచనంలో ఉన్నది ప్రక్కటెముక ఒక్కటే. తల, పాదాలు నేను మాథ్యూ హెన్రీ బైబిలు వ్యాఖ్యానంలో (కామెంటరీలో) 22వ వచనం దగ్గర చదివినవి. అలాంటి భావం ఆయనకన్నా ఎన్నో శతాబ్దాల ముందు, 12వ శతాబ్దపు వేదాంతి పీటర్ లొంబార్డ్ రాతల్లోనే ఉందని తర్వాత తెలిసింది. మంచి మాటే, పెళ్లిలో చెప్పడం తప్పు కాదు. కానీ ఒక మనిషి ఆలోచనను దేవుని వాక్యమని పిల్లలకు చెప్పేశాను. ఆ ఆదివారం నాకు చాలా బాధ కలిగింది. ఈ కామెంటరీని వాడే పద్ధతి అప్పుడే మార్చుకున్నాను.

హెన్రీ 1662లో వేల్స్‌లో పుట్టారు. చెస్టర్‌లో పాస్టరుగా ఉంటూ 1704లో ఈ పని మొదలుపెట్టారు. 1714లో చనిపోయేనాటికి అపొస్తలుల కార్యముల వరకే పూర్తయింది. రోమా పత్రిక నుంచి ప్రకటన దాకా వేరే పాస్టర్లు పంచుకుని రాశారు. ఇది తెలియక నేను చాలాకాలం బైబిల్ స్టడీలో "రోమా 8 గురించి హెన్రీగారు ఇలా అన్నారు" అని చెబుతూ వచ్చాను. ఆ భాగం రాసింది జాన్ ఎవాన్స్. అందుకే, ఏ వ్యాఖ్యానం కొన్నా ముందుమాట చదవండి. రాసిందెవరు, ఎప్పుడు, ఏ సంఘంలో నిలబడి రాశారు అన్నది తెలియకుండా లోపలికి వెళ్లొద్దు.

ఈ పుస్తకం నాకు ఎంత మేలు చేసిందో ఒక్క ఉదాహరణతో చెబుతాను. ఒక ఏడాది డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో నాకు యిర్మీయా 29:11 వాగ్దాన కార్డు వచ్చింది. మీ గురించి నా ఉద్దేశాలు సమాధానకరమైనవే, హానికరమైనవి కావు అని దేవుడు చెప్పే వచనమది. మార్చిలో ఉద్యోగం పోయింది. ఇంట్లో అందరికీ టెన్షన్. ఆ వచనం గోడ మీద చూసినప్పుడల్లా, మరి ఇదేమిటి ప్రభువా అనిపించేది. చివరికి అధ్యాయం మొత్తం చదివాను. అది బబులోనుకు చెరపట్టబడి వెళ్లినవాళ్లకు యిర్మీయా పంపిన ఉత్తరం. పై వచనంలోనే 70 సంవత్సరాలని ఉంది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని ఉంది. విన్నవాళ్లలో చాలామంది తిరిగి రాకుండానే చనిపోయి ఉంటారు. అప్పుడు హెన్రీని తెరిచాను. దేవుడు వాళ్లకిచ్చేది వాళ్ల భయాలు ఎదురుచూసేదీ కాదు, వాళ్ల ఊహలు ఎదురుచూసేదీ కాదు, వాళ్ల విశ్వాసం ఎదురుచూసేది అన్న భావం అక్కడ రాశారు. ఆ పేజీ దగ్గర చాలాసేపు ఉండిపోయాను. నేను ముందు అధ్యాయం చదవకుండా నేరుగా అక్కడికి వెళ్లి ఉంటే ఆ మాట అంత లోతుగా దిగేది కాదు.

ఆయన బలం అదే. చదివేవాడి గుండె దగ్గరకు వస్తారు. కీర్తనల్లో, పాత నిబంధన కథల్లో ఆయనకు సాటి వచ్చేవాళ్లు నాకు కనబడలేదు.

బలహీనతలూ ఉన్నాయి. 1 యోహాను 5:7 దగ్గర పరలోకంలో సాక్ష్యమిచ్చే ముగ్గురి గురించి పెద్ద వివరణ ఉంటుంది. మన తెలుగు బైబిల్లో ఆ మాటలే లేవు! నేను మొదట మన అనువాదంలో ఏదో జారిపోయిందని కంగారుపడ్డాను. అసలు సంగతి వేరు. ఈ వ్యాఖ్యానం ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిలు మీద రాసింది. ఆ మాటలు పాత గ్రీకు రాతప్రతుల్లో లేవు, మన అనువాదం వాటిని తీసుకోలేదు. ఇక్కడ వ్యాఖ్యానమే పాతబడింది. పాత నిబంధన దగ్గరా అంతే. దాని అతి పురాతన ప్రతులున్న మృత సముద్రపు చుట్టలు 1947లో బయటపడ్డాయి, 1714లో కన్నుమూసిన మనిషికి ఆ వెలుగు ఎలా అందుతుంది? ప్రకటన వివరణలో రోమా సంఘం మీద పడిన కోపం కూడా ఆనాటి ఇంగ్లండు గొడవల నుంచి వచ్చిందే. దాన్ని మన ఊళ్లోని కతోలిక కుటుంబాల మీదకు తెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు.

ఇప్పుడు నేను చేసేది ఇదీ. అధ్యాయాన్ని తెలుగులో మూడుసార్లు చదువుతాను. అర్థం కానివి నోట్‌బుక్‌లో ప్రశ్నలుగా రాసుకుంటాను. కింద ఇచ్చిన రిఫరెన్సులు తిప్పి చూస్తాను. రెండో రోజే హెన్రీ. కీర్తనలైతే పక్కన డెరెక్ కిడ్నర్ రాసిన కీర్తనల వ్యాఖ్యానాన్ని పెట్టుకుంటాను. 1970ల్లో వచ్చిన చిన్న పుస్తకాలవి, రెండు సంపుటాలు, హెన్రీ మూడు పేజీల్లో చెప్పేది ఒక పేరాలో చెబుతారు. ఇద్దరూ ఒకే మాట అంటే ధైర్యం. వేరుగా అంటే మళ్లీ వచనం దగ్గరికే వెళ్తాను. కొత్త నిబంధన మీద వ్యాఖ్యానాలు రాసిన విలియం బార్క్లే కూడా నా దగ్గర ఉన్నారు. గ్రీకు మాటలు, ఆనాటి ఆచారాలు ఆయన చెప్పినంత తేటగా చెప్పేవాళ్లు తక్కువ. అయితే యేసు ఐదువేలమందికి ఆహారం పెట్టిన దగ్గర, జనం దాచుకున్న రొట్టెలు పంచుకుని ఉండవచ్చన్న వివరణకూ చోటిస్తారు. అక్కడ నేను ఆయనతో వెళ్లను.

కొనేవాళ్లకు ఒక మాట. ఒక్క సంపుటంగా కుదించిన హెన్రీలో మొదటిసారి చదివేవాళ్లకు సరిపడా ఉంది గానీ, నేను ఇష్టపడే ఆ నిదానం పోయింది. అక్షరాలు సన్నం, రాత్రిపూట కళ్లు లాగుతాయి. పూర్తి పాఠం కంప్యూటర్లో ఈ-స్వార్డ్ అనే బైబిలు సాఫ్ట్‌వేర్‌లో ఉచితంగా దొరుకుతుంది. ముందు అందులో ఒక నెల చదివి చూసి, అప్పుడు సంపుటాల మీద డబ్బు పెట్టండి. ఇంగ్లీషు పాతది, వాక్యాలు పొడవు. నాకు అలవాటు కావడానికి ఆరు నెలలు పట్టింది.

ఈ ఏడాది మా బైబిల్ స్టడీలో రోమా పత్రిక. మొదటి పేజీ పైన పెన్సిల్‌తో జాన్ ఎవాన్స్ అని రాసుకున్నాను.