ఫెరెట్టా, కుందేలా? అమెరికాలో మన ఇళ్ళకు ఏది మేలు

అమెరికా పెట్ షాపుల్లో ఫెరెట్ల బోనూ కుందేళ్ళ బోనూ చాలాసార్లు ఒకే వరసలో కనిపిస్తాయి. కుక్కకి లీజు ఒప్పుకోదు, పిల్లి అంటే ఇంట్లో ఎవరికో ఎలర్జీ. ఇక ఈ రెండిట్లో ఒకటి కొనిపెట్టమని పిల్లలు అక్కడే పేచీ పెడతారు. నిజానికి ఇంతకంటే వింత జోడీ ఉండదు. మనిషి ఫెరెట్‌ని మచ్చిక చేసుకున్నదే కుందేళ్ళ బొరియల్లోకి వదిలి వాటిని బయటికి తరిమించడానికి. అది రెండు వేల ఏళ్ళ కిందటి నుంచీ ఉన్న పని. ఫెరెట్‌ని చూడగానే మనకి ముంగిస గుర్తొస్తుంది కానీ రెండిటికీ చుట్టరికం లేదు. ఇది ఐరోపాలోని పోల్‌క్యాట్ అనే అడవి జంతువు సంతతి. కాబట్టి రెండూ తెచ్చేద్దాం అనే మూడో ఆలోచన ఉంటే ఇక్కడే వదిలేయండి. ఫెరెట్ వాసన తగిలినా కుందేలు బెదిరిపోతుంది.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళకు అసలు ఈ బేరీజే అక్కర్లేదు. అక్కడ ఫెరెట్‌ని పెంచుకోవడం చట్టవిరుద్ధం. హవాయిలోనూ, న్యూయార్క్ నగరంలోనూ అంతే. మిగతా చాలా రాష్ట్రాల్లో పెంచుకోవచ్చు గానీ, మీ ఊరి నిబంధనలు, అపార్ట్‌మెంట్ లీజు ముందే చూసుకోవాలి. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ వైపు ఉన్న మనవాళ్ళకు ఇంకా చిక్కు: క్వీన్స్‌లాండ్‌లో ఫెరెట్టూ కుదరదు, పెంపుడు కుందేలూ కుదరదు. న్యూజిలాండ్ కథ మరీ విచిత్రం. అక్కడ కుందేళ్ళు విపరీతంగా పెరిగిపోయాయని 19వ శతాబ్దంలో ఫెరెట్లని తెప్పించి వదిలారు. అవి కివీల్లాంటి నేల మీద తిరిగే పక్షుల మీద పడ్డాయి. 2002 నుంచి అక్కడ ఫెరెట్ల అమ్మకం, పెంపకం నిషేధం.

తిండి దగ్గరే చాలా ఇళ్ళకు జవాబు దొరికిపోతుంది. ఫెరెట్ పూర్తి మాంసాహారి. దాని పేగు పొట్టిది, తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికొచ్చేస్తుంది. అందుకే రోజంతా కొంచెం కొంచెంగా తింటూనే ఉండాలి. ఆ తిండిలో జంతు ప్రొటీన్ దాదాపు 35 శాతం, కొవ్వు దాదాపు 20 శాతం ఉండాలి, పీచు దాదాపు ఉండకూడదు. ఇంట్లో మాంసం వండకపోయినా ప్యాకెట్లో గింజల్లా వచ్చే ఫెరెట్ తిండితో నడుస్తుంది కానీ అదీ మాంసమే, ఆ వాసనా ఉంటుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ ముద్దు చేసి ఒక పెరుగన్నం ముద్ద పెట్టిందా, మర్నాడు విరేచనాలే.

కుందేలుకి కడుపు నిండేది ఎండుగడ్డితో. తిమోతి గడ్డి ఎప్పుడూ ముందు ఉండాలి. దాని పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమలడం వల్లే అరుగుతాయి. పైన కాసిని ఆకులు చాలు. మన వంటింట్లో మిగిలే కొత్తిమీర కాడలు, పుదీనా దానికి పండగే. ఉల్లి, వెల్లుల్లి పనికిరావు. క్యారెట్ బొమ్మల్లో చూపించినంత మంచిది కాదు, తీపి ఎక్కువ. పెరుగన్నం దీనికీ వద్దు.

ఆటలో మాత్రం కుందేలు ఫెరెట్‌కి సాటి రాదు. రోజులో 14 నుంచి 18 గంటలు చచ్చినట్టు పడి నిద్రపోయే ఈ జీవి, లేచిందంటే వీపు విల్లులా వంచి, పక్కకి గెంతుతూ, గొంతులో కుక్‌కుక్‌మంటూ ఇల్లంతా గోల చేస్తుంది. తాళాలు, సాక్సులు ఎత్తుకుపోయి సోఫా కింద దాచుకుంటుంది. కానీ ఆ గోలకి రోజూ కనీసం మూడు నాలుగు గంటలు బోను తలుపు తెరిచి ఉండాలి, మీ కన్ను దాని మీద ఉండాలి. రబ్బరు, ఫోమ్ కనిపిస్తే కొరికి మింగేస్తుంది, అది పేగులో అడ్డుపడితే ఆపరేషనే. వాలు కుర్చీ రిక్లైనర్ లోపల దూరి నలిగి చనిపోయిన ఫెరెట్లు ఎన్నో. ఇల్లు సర్దుకోవడానికి బద్ధకం అయితే ఫెరెట్ వద్దు. కుందేలు గొడవ ఎక్కువగా ఛార్జర్ వైర్లతో.

చిన్న పిల్లలున్న ఇంటికి రెండూ అంత సుఖం కాదు. ఫెరెట్ పిల్ల ఆటగా కొరుకుతుంది, నేర్పితే మానుతుంది. పసిబిడ్డ ఉన్న గదిలో మాత్రం వదలకూడదు. కుందేలుకి ఎత్తుకోవడమే ఇష్టం ఉండదు. పట్టు సరిగా లేకపోతే వెనక కాళ్ళతో గట్టిగా తన్నుకుని దాని వెన్నెముకే విరగ్గొట్టుకుంటుంది. ఇంకో సంగతి, మనుషుల ఫ్లూ ఫెరెట్లకి అంటుతుంది. 1933లో లండన్ శాస్త్రవేత్తలు మనుషుల ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ని పట్టుకున్నది ఫెరెట్లకి అంటించే. పిల్లాడు స్కూల్ నుంచి జ్వరం తెచ్చినప్పుడు దాన్ని దూరంగా పెట్టాలి.

అసలు తేడా జబ్బుల్లో ఉంది, షాపువాళ్ళు చెప్పనిదీ ఇదే. అమెరికా షాపుల్లో దొరికే ఫెరెట్లకి దాదాపు ఆరు వారాల వయసులోనే సంతాన నిరోధక ఆపరేషన్ అయిపోయి ఉంటుంది. అది చేయించక తప్పదు కూడా. ఆడ ఫెరెట్ ఎదకి వచ్చి జత దొరక్కపోతే ఆ ఎద ఆగదు, ఈస్ట్రోజెన్ హార్మోన్ పెరిగి ఎముక మజ్జ దెబ్బతిని రక్తహీనతతో చనిపోవచ్చు. అయితే ఆపరేషన్ తర్వాత, వయసు మూడేళ్ళు దాటాక, మూత్రపిండాల దగ్గరుండే అడ్రినల్ గ్రంథి జబ్బు చాలా వాటిలో కనిపిస్తుంది. ముందు తోక దగ్గర వెంట్రుకలు రాలతాయి. దీనికి ఆపరేషన్ గానీ, చర్మం కింద పెట్టే డెస్లోరెలిన్ అనే మందుబిళ్ళ గానీ వాడతారు. ఆ బిళ్ళ ప్రభావం తగ్గాక మళ్ళీ పెట్టించాలి. దీనికి తోడు ఇన్సులినోమా. క్లోమంలో గడ్డలు వచ్చి షుగర్ పడిపోతుంది, వెనక కాళ్ళు తడబడతాయి, చొంగ కారుతుంది, ఎటో చూస్తూ ఉండిపోతుంది. రేబిస్, డిస్టెంపర్ (కుక్కలకీ వచ్చే వైరస్ జబ్బు) టీకాలు తప్పనిసరి అనుకోండి, డిస్టెంపర్ సోకిన ఫెరెట్ బతకడం దాదాపు లేదు. ఇంతా చేస్తే దాని ఆయుష్షు ఐదు నుంచి ఎనిమిదేళ్ళు.

కుందేలు ఎనిమిది నుంచి పన్నెండేళ్ళు ఉంటుంది. ఆడదానికి ఆర్నెల్ల వయసు ప్రాంతంలో ఆపరేషన్ చేయిస్తే, వయసు మీద పడ్డాక ఎక్కువగా వచ్చే గర్భాశయ క్యాన్సర్ బెడద పోతుంది. 2020లో అమెరికా నైరుతి రాష్ట్రాల్లో పాకిన కుందేళ్ళ రక్తస్రావ వ్యాధికి టీకా ఉంది. కుందేలుతో టెన్షన్ ఒక్కటే: నొప్పి పైకి కనబడనివ్వదు. పన్నెండు గంటలు తినకుండా, పెంటికలు వేయకుండా ఉందంటే తెల్లారేదాకా ఆగకూడదు, పేగు కదలిక ఆగిపోయినట్టే. గడ్డి గిన్నె, లిట్టర్ బాక్స్ రోజూ చూసే మనిషి ఇంట్లో ఉండాలి.

నాకైతే ఫెరెట్ అంటేనే ముచ్చట. అయినా ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ, సాయంత్రాలు పిల్లల క్లాసులకు తిప్పే ఇంటికి కుందేళ్ళ జతే మేలంటాను. ఫెరెట్ కావాలని గట్టిగా ఉన్నవాళ్ళు ముందు ఫెరెట్లని చూసే వెట్ మీ దగ్గర్లో ఉన్నారో లేదో ఫోన్ చేసి కనుక్కోండి, అందరూ చూడరు. తర్వాత షాపుకి కాకుండా ఫెరెట్ షెల్టర్‌కి వెళ్ళి, కొరకడం మానేసిన పెద్ద జతని అడగండి. వాసన గురించి భయపడి వారం వారం స్నానం చేయించకండి, చర్మం ఎండి నూనె ఇంకా ఎక్కువ ఊరి వాసన పెరుగుతుంది. దాని గుడ్డ ఉయ్యాల ఉతికితే చాలు.

వేసవిలో నెల రోజులు ఇండియా వెళ్తే? గడ్డి, నీళ్ళు, ఆకులు చూపించి కుందేలుని స్నేహితుల ఇంట్లో వదలొచ్చు. మందులు నడుస్తున్న ఫెరెట్‌ని అలా వదల్లేం, డబ్బు కట్టి ఫెరెట్ల సంగతి తెలిసినవాళ్ళ దగ్గరే ఉంచాలి. ఇక తిరిగి హైదరాబాద్ వెళ్ళిపోయే ఆలోచన ఉన్నవాళ్ళకు రెండూ ఇబ్బందే. ఇండియాకు తిరిగొచ్చేటప్పుడు సామానుతో పాటు తెచ్చుకునే వీలు కుక్కకీ, పిల్లికే ఉంది. పైగా 27 డిగ్రీలు దాటితే వడదెబ్బ భయం ఉన్న జంతువులు ఇవి. కాబట్టి అలాంటి ఇంట్లో చర్చ ఇది కాదు, ఆ ఎలర్జీ ఉన్న మనిషిని డాక్టరుకి చూపించి పిల్లి సంగతి మళ్ళీ అడగడం నయం.