‘రన్’ చెప్పే తీర్పు: ఏ నిఘంటువు కొనాలి?

చెన్నైలో కాలేజీలో చేరే తెలుగు పిల్లలు ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు కొనాలా, ఇంగ్లీషు-ఇంగ్లీషు కొనాలా? మూర్ మార్కెట్ పాత పుస్తకాల కొట్టుకు వెళ్తే, రెండింటిలోనూ ‘రన్’ అనే చిన్న మాట తీసి చూడండి.

చిన్న ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ‘పరుగెత్తు, ప్రవహించు, నడుపు’ అని మూడు ముక్కల్లో తేల్చేస్తుంది. క్షణంలో పని అవుతుంది. అయితే ఏ అర్థం ఎక్కడ వాడాలో చెప్పదు. ముక్కు ‘రన్’ అయితే కారుతోందని, ఉతికిన చీర రంగు ‘రన్’ అయితే దిగిందని, ఎన్నికల్లో ‘రన్’ అంటే పోటీ చేయడమని ఎవరు చెప్పాలి? పాలు ‘రన్ అవుట్’ అయ్యాయంటే నిండుకున్నాయని; క్రికెట్ పిచ్చి ఉన్నవాడు వికెట్లు వెతుక్కుంటాడు!

విద్యార్థుల కోసం చేసిన ఇంగ్లీషు-ఇంగ్లీషు నిఘంటువు ప్రతి అర్థం పక్కన ఒక వాక్యం ఇస్తుంది. ఆక్స్‌ఫర్డ్ వారి లెర్నర్స్ డిక్షనరీ అలాంటిదే. దాని తొలి రూపం 1942లో జపాన్‌లో అచ్చయింది. (‘రన్’ క్రియకే 600కు పైగా అర్థాలిచ్చే పెద్ద ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు పండితుల సరుకు, దాని జోలికి పోకండి.) చిక్కల్లా, అర్థం చదవడానికీ ఇంగ్లీషే కావాలి. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు కొందరు విసిగి దాన్ని అటక ఎక్కిస్తారు.

ఒక్కటే కొనగలిగితే నా ఓటు రెండోదానికే. చెట్లు, పిట్టలు, దినుసుల పేర్ల దగ్గర మాత్రం తెలుగుదే పైచేయి. ‘టామరిండ్’కు రెండు వరుసల వర్ణన ఎందుకు, చింతపండు అంటే చాలదా?